ఎవరూ ఆమేన్ అనని ప్రార్థన

కన్నీళ్లలోనూ మమ్మల్ని విడువని ప్రభువు నామానికి స్తోత్రం.

మాది ధవళేశ్వరం. కిందటేడు మా పాప గ్రేసీ పుట్టినరోజుకని మావారు ముందుగదికి గులాబీ రంగు వేయడం మొదలుపెట్టారు. గోడ సగంలో ఉండగానే గుండెనొప్పి వచ్చి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. "నాన్న ఏడమ్మా?" అని పాప అడిగినప్పుడల్లా, "యేసయ్య దగ్గర మనకి ఇల్లు సిద్ధం చేస్తున్నారమ్మా" అని చెప్పేదాన్ని. మా విశ్వాసం అదే కదా.

ఈ ఏడు పాపకి ఐదేళ్లు నిండాయి. ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారు వాక్యం చెప్పి, "ఇప్పుడు పుట్టినరోజు పాప ప్రార్థన చేస్తుందండి" అన్నారు. గ్రేసీ సగమే రంగు పడిన ఆ గోడ ముందు నిలబడి కళ్లు మూసుకుంది.

"యేసయ్యా, మాకు అక్కడ ఇల్లు వద్దు. ఈ ఇల్లు చాలు. నాన్నని పంపించెయ్యి. గోడకి రంగు వెయ్యాలి. ఆమేన్."

పాప కళ్లు తెరిచింది.

"ఆమేన్ అనరేంటి? అందరూ అంటేనే కదా యేసయ్య ఇచ్చేది? మామ్మా, నువ్వన్నా అను."

మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. చివరికి పాప వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"అమ్మా, నువ్వు?"

దాన్ని గుండెలకు హత్తుకున్నాను గానీ, ఆ ఒక్క మాట అనలేకపోయాను.

ఆయన్ని మళ్లీ చూస్తామన్నదే నా నిరీక్షణ. అంతవరకు ఆ పసిదానికి ఓర్పు ఇమ్మని మాతో కలిసి ప్రార్థించండి. చివర ఆమేన్ మాత్రం గట్టిగా అనండి. మా పాప ఆ మాట కోసమే చూస్తోంది.