ఎదురు వాటా వంటింటి కిటికీ

సూళ్లూరుపేటలో మా మూడంతస్తుల ఇంటికి బంధువులెవరొచ్చినా, ఇక్కడ అన్ని రకాలవాళ్లం కలిసిమెలిసి ఉంటామని గొప్పగా చెబుతాను. కింద ముస్లిం దర్జీ కుటుంబం, పైన రాకెట్ కేంద్రంలో పనిచేసే మలయాళీలు, మా ఎదురు వాటాలో ఉల్లిపాయ కూడా ముట్టని తమిళ మామి.

ఆ కలిసిమెలిసి ఉండడమేమిటో ఆదివారం చూడాలి. మా పొయ్యి మీద చేపల పులుసు మరగడం మొదలవగానే మామి తన వంటింటి కిటికీ ఫెడీమని మూసేది. ఆ వాసనకి కడుపులో తిప్పుతోందని ఇంటి ఓనరుకి ఫిర్యాదు కూడా చేసింది. నేనూ తక్కువదాన్ని కాను. మరుసటి వారం ఇంకా పెద్ద చట్టి ఎక్కించాను.

మొన్న ఆదివారం పులుసు కుతకుతలాడుతున్నా ఆ చప్పుడు వినపడలేదు. తలెత్తి చూస్తే కిటికీ బార్లా తెరిచి ఉంది, కమ్మీల వెనక మామి నిలబడి ఉంది. ఏళ్ల తరబడి దాచుకున్న జవాబు నోటిదాకా తెచ్చుకున్నాను.

"ఏమ్మా, ఈరోజు మామిడికాయ వెయ్యలేదా? వాసనే వేరేగా ఉండాదే" అనింది మామి.

"మార్కెట్లో దొరకలేదు మామీ" అన్నాను, నా జవాబు మింగేసి.

"సరే, దించేముందు మెంతిపొడన్నా మరిచిపోబాక" అని, కిటికీ ఫెడీమని మూసేసింది.