తాళాల మామయ్య బీపీ

లోకంలో ఏం జరిగినా తాళాల మామయ్య బీపీ పెరిగేది. కుళాయి కారినా పెరిగేది, పక్కింటి కుక్క మొరిగినా పెరిగేది. కూరలో ఉప్పు తగిలిందంటే ఇక గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు.

మొరాయించిన తాళాలు బాగుచెయ్యడం, పోయిన తాళంచెవులకు మారుచెవులు చెయ్యడం ఆయన పని. ఆ విద్యంతా తెచ్చి వంటింట్లో చూపించాడు. ఒకరోజు అత్తయ్య పొయ్యి మీద కూర పెట్టి వెనక్కి తిరిగేసరికి ఉప్పుడబ్బాకు ఇంత లావు ఇత్తడి తాళం వేలాడుతోంది.

"ఇదేమిటండీ! వీధి తలుపుకే సరైన తాళం లేదు, ఉప్పుకు తాళమా?"

"దొంగ వస్తే సామాను పోతుంది. ఉప్పు వస్తే నేనే పోతాను. నా బీపీ సంగతి నీకు తెలీదోయ్!"

వంటవేళకు ఆయనే తాళం తీసి, మందు ఇచ్చినట్టు చిటికెడు ఉప్పు ఆవిడ అరచేతిలో వేసి, మళ్లీ బిగించేసేవాడు. "ఒక్క మనిషి కోసం రెండు కూరలు ఎవరు వండుతారు?" అని విసుక్కుంటూ అత్తయ్యా ఆ చప్పిడి కూరే తినేది. మొదట్లో గడ్డి మేస్తున్నట్టుందని దెప్పేది. పోనుపోను నిమ్మకాయ పిండుకోవడం నేర్చుకుంది.

పొద్దున్నే నడక ఒకటి. "ఒంటరిగా వెళ్తే ఎక్కడ పడిపోతానో! చెయ్యి పట్టుకోవూ?" అని బతిమాలేవాడు. తీరా రోడ్డెక్కాక పడిపోవలసిన మనిషి ముందు పరుగు, పట్టుకోవలసిన మనిషి వెనక ఆయాసం.

అత్తయ్యకు కోపం ముక్కు మీదే ఉండేది. ఎదురింటి టైలరమ్మతో గొడవకు గొంతు సవరించుకుందంటే వీధి వీధంతా కిటికీలు తెరుచుకునేవి. సరిగ్గా అప్పుడే మామయ్య గుమ్మంలో గుండె పట్టుకుని కూలబడేవాడు.

"అమ్మో, నా బీపీ! మెల్లిగా తిట్టుకోండమ్మా!"

టైలరమ్మే మంచినీళ్లతో పరుగెత్తుకొచ్చేది. గొడవ కాస్తా చప్పబడిపోయేది.

"ఈయన బీపీ నన్ను మూగదాన్ని చేసింది," అని అత్తయ్య వాపోయేది. లోలోపల మాత్రం ఒకటే బెంగ. ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆ బెంగ భరించలేక చివరికి ఆవిడే ఆయన్ను క్లినిక్‌కు లాక్కెళ్లింది.

డాక్టరమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి చూసింది. "భేషుగ్గా ఉంది. ఈయనకు బీపీ ఎప్పుడుందనీ?"

అత్తయ్య తెల్లబోయింది. "మరి ఆ తాళం? ఆ నడకలు?"

"ముందు మీ చెయ్యి ఇలా ఇవ్వండి." ఈసారి డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. "తగ్గిందమ్మా! ఆమధ్య పేటంతా బీపీ పరీక్ష చేసినప్పుడు అందరికంటే మీదే ఎక్కువ. ఉప్పు, కోపం, కదలకుండా కూర్చోవడం, పైగా మీ అమ్మగారికీ ఉండేదన్నారు. జాగ్రత్తపడమంటే 'మీ మిషనుకే రోగం' అని విసవిసా వెళ్లిపోయారు. మీవారు మాత్రం ఆగి, 'తన కోసమంటే ఆవిడ ఒక్కటీ చెయ్యదు డాక్టరమ్మా, నా కోసమంటే అన్నీ చేస్తుంది' అన్నారు."

అత్తయ్య మామయ్య వైపు తిరిగింది. ఆయన కిటికీ గొళ్లేన్ని తెగ పరీక్షిస్తున్నాడు.

"ఇన్నాళ్లూ ఎన్ని అబద్ధాలండీ!"

"అబద్ధమేముందోయ్? నాకు బీపీ ఉందన్నాను. ఒంట్లో ఉందన్నానా, ఇంట్లో ఉందన్నానా?"

తిరిగి వస్తుంటే వీధి మలుపులో టైలరమ్మ ఎదురైంది. "మామయ్యగారికి ఎలా ఉందట?"

అత్తయ్య పెద్దగా నిట్టూర్చి, మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం చెప్పమంటావమ్మా! ఈ జన్మకు తగ్గేది కాదట. కనిపెట్టుకుని ఉండమన్నారు."