చెల్లుకు పోయిన చీనీ తోట

మా ప్రాంతంలో ఫ్యాక్షన్ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. హైదరాబాదు నుంచి కార్లేసుకుని వచ్చినారు. కాలిన గోడల ఫోటోలు తీసినారు, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్ల ఫోటోలు తీసినారు. ఊర్లోకి రాగానే మొదట కనపడేది మా ఇల్లే కాబట్టి దారి నన్నే అడిగినారు. ఏ ఇంటికి పోవాలో చెయ్యి చూపించినాను, ఎండకు వచ్చినారని చెంబుతో నీళ్లు కూడా ఇచ్చినాను. నీళ్లు తాగి చెంబు చేతికిచ్చినారు గానీ, "మీకేమైనా జరిగిందా?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో నుంచి శవం లేవలేదు, మాలో ఎవరి చెయ్యీ తెగలేదు. అందుకని నేను దారి చెప్పేవాణ్ణి మాత్రమే. ఇన్నేళ్లు వాళ్లకు దారి చెప్పినాను. ఇప్పుడు నా సంగతి నేనే చెప్పుకుంటాను.

మా ఊరు పులివెందులకు దగ్గర. ఊర్లో తూర్పు వీధి ఒకటి, పడమటి వీధి ఒకటి. చెరొక పెద్ద, చెరొక పార్టీ, చెరొక టీ హోటలు, చెరొక మంగలి. బస్సెక్కితే తూర్పు వాళ్లు ముందర, పడమటి వాళ్లు వెనక. నడిమి సీట్లలో బడి పంతుళ్లూ, ఆస్పత్రికి పోయే చూలింతలూ, నేనూ.

మేము గొర్లు కాసుకుని బతికినవాళ్లం. మా ఇల్లు ఏ వీధిలోనూ లేదు, వంక గట్టు మీద ఉంది. పంట కోతలు అయినాక మా మందను తూర్పు వాళ్ల చేన్లలో కొన్నాళ్లు, పడమటి వాళ్ల చేన్లలో కొన్నాళ్లు నిలిపేవాళ్లం. పెంట ఇద్దరి నేలకూ కావాలి, మేత ఇద్దరి చేన్లలోనూ మాకు కావాలి. మా నాయన ఏ పక్కా చేరకపోయింది గొప్ప కోసం కాదు. ఒక పక్క చేరితే మందకు సగం ఊరు మూసుకుపోతుంది, అంతే. ఆ సంగతి రెండు వీధులకూ తెలుసు.

నా కాలం వచ్చేసరికి బోరు పడింది. గొర్లు చాలావరకు అమ్మి వంక పక్కనున్న చేన్లో చీనీ, అంటే బత్తాయి, పెట్టినాను. చీనీ తోట అంటే చంటిబిడ్డను సాకినట్టే. కాపుకు వచ్చేదాకా ఏళ్లూపూళ్లూ నీళ్లు పెట్టాలి, పాదులు తవ్వాలి, ఎండుపుల్ల కనపడితే తీసెయ్యాలి. నేనూ నా భార్యా కూలోళ్లను పెట్టకుండా చేసుకున్నాం. మొదటి కాపుకు పులివెందుల మండీ నుంచి వచ్చిన వ్యాపారి కాయ కోసి చూసి, "తోలు పల్చన, మామా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. మంచి మాట అన్నవాళ్లు తక్కువ కాబట్టి అదీ మర్చిపోలేదు.

ఆ ఏడు ఎన్నికలు వచ్చినాయి. పడమటి వీధి కుర్రాళ్లు జీపుల్లో తిరుగుతా, ఎండకు మా బోరు దగ్గర ఆగినారు. నీళ్లు తాగినారు, కాయలు తిన్నారు. పోతా పోతా మోటారు షెడ్డు మీద వాళ్ల జెండా కట్టి పోయినారు. నన్ను అడిగి కట్టలేదు.

బయటి ఊర్ల వాళ్లకు ఇది అర్థం కాదు. జెండానే కదా, పీకి పారేస్తే సరి అంటారు. పీకితే నేను తూర్పు మనిషినైనట్టు. ఉంచితే పడమటి మనిషినైనట్టు. దాన్నట్టే చూస్తా తోటలో నిలబడిపోయినాను. బాగా ఆలోచించి తూర్పు వీధి టీ హోటలుకు పోయినాను. అంతకుముందు ఆ గడప తొక్కింది మందను చేన్లోకి తోలే మాట మాట్లాడడానికే.

"ఏందప్పా, ఈ పక్క వచ్చినావు?" అన్నాడు హోటలాయన.

"జెండా ఒకటి కావాల."

"యాడికి?"

"మా మోటారు షెడ్డుకు."

"ఆడ వాళ్ల జెండా ఎగురుతాంది గదా?"

"దాన్ని ఉండనీ. దాని పక్కన మీది కడతా."

హోటల్లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వినారు. బెంచీ మీద కూర్చున్న ఒకడు, "ఇద్దురు మొగుళ్లా మామా నీ షెడ్డుకు?" అన్నాడు. వాడు ఇప్పుడు పంచాయితీ మెంబరు. ఎదురుపడితే నమస్కారం పెడతాడు. నేను తీసుకోను.

జెండా ఇచ్చినారు. తాడు పెట్టి చూసుకుని, రెండూ ఒక్క ఎత్తున ఉండేట్టు కట్టినాను. ఒకటి పైన, ఒకటి కింద అయితే అదొక మాట వస్తుందని. అది సరైన పని అని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నా భార్య మాత్రం గట్టు మీద నిలబడి, "ఏం మామా, ఇద్దురికీ మంచోడు కావాలంటే ఇద్దురికీ చెడ్డోడివి అయితావు, చూస్తాండు" అంది.

మరుసటి రోజే పడమటి పెద్ద జీపు తోట ముందర ఆగింది. ఆయన దిగలేదు. "మా జెండా పక్కన వాళ్లది ఏందప్పా? ఎగతాళి చేస్తాండావా?" అన్నాడు. నేను చెప్పేది వినకుండానే జీపు కదిలింది. సాయంత్రం తూర్పు పెద్ద పంపిన మనిషి వచ్చి, "వాళ్లది తీస్తేనే మాది ఉంచు, లేకుంటే మాది మాకియ్యి" అన్నాడు. "వాళ్లది నేను కట్టల్యా, ఎట్ల తీసేది?" అన్నాను. ఆయన నావైపు చూసి, "ఎన్నికలు కానీలే" అని వెళ్లిపోయినాడు.

ఎన్నికలు అయినాయి. ఫలితాలు వచ్చిన మర్నాడు తెల్లారి నీళ్లు కట్టడానికి తోటకు పోయినాను. వంక దాటక ముందే పచ్చి చీనీ ఆకు వాసన గుప్పున కొట్టింది. కొమ్మలు కత్తిరించినప్పుడు వచ్చే వాసన అది. తోట మొత్తం నేల మీద ఉంది. చెట్లన్నీ ఒక్క వైపుకే ఒరిగి పడినాయి. షెడ్డు మీద జెండాలు రెండూ అట్టే ఉన్నాయి.

అందరూ ఏడుస్తారు, నేనూ ఏడ్చినాను, అది రాసేదేమీ లేదు. రాయవలసింది ఇంకొకటి ఉంది. చీనీ చెట్టుకు కింద జంబేరి నిమ్మ వేరు, పైన అంటు కట్టిన చీనీ ఉంటాయి. అంటుకు పైన నరికితే మళ్లీ చీనీ చిగురే వస్తుంది, కొన్నేళ్లకు తోట తోటవుతుంది. మా చెట్లను ప్రతి ఒక్కదాన్నీ అంటుకు కిందనే నరికినారు. తర్వాత వచ్చిన చిగురు ముళ్ల జంబేరి. అంటు ఎక్కడుందో చీకట్లో చేత్తో తడిమి తెలుసుకున్నవాడు చీనీ తోట ఉన్నవాడే. వాడి తోటకు వాడు నీళ్లు పెట్టుకుని, వచ్చి నా తోట నరికినాడు.

పోలీసు స్టేషనుకు పోయినాను. "నువ్వు ఏ పక్క?" అన్నారు. ఏ పక్కా కాదన్నాను. "అయితే ఎవరి మీద రాయమంటావు?" అన్నారు. మా దగ్గర కేసు పెట్టే పద్ధతి అట్టే. ఒక పక్క పెద్ద వెంట వచ్చి అవతలి పక్క వాళ్ల పేర్లు చెబుతాడు, పోలీసులు రాసుకుంటారు. నా వెంట నా భార్య తప్ప ఎవరూ రాలేదు. మమ్మల్ని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి మధ్యాహ్నం దాటినాక ఇంటికి పొమ్మన్నారు.

తూర్పు పెద్ద దగ్గరికి పోతే పడమటి వాళ్ల పని అన్నాడు. పడమటి పెద్ద దగ్గరికి పోతే తూర్పు వాళ్ల పని అన్నాడు. ఇద్దరూ ఒక్క మాటే అన్నారు: "మా పక్క వచ్చేయి, మేం చూసుకుంటాం." నేను ఏ పక్కా పోలేదు. ఉన్న కొన్ని గొర్లనే మళ్లీ పెంచుకున్నాను. చీనీ మొదళ్ల మధ్యనే మేపుకున్నాను.

తర్వాత ఏళ్లలో ఊర్లో ఏమేమి జరిగిందో, తూర్పోళ్ల ట్రాక్టరు ఎట్ల కాలిందో, కార్లలో వచ్చినవాళ్లు రాసినారు, నేను మళ్లీ రాయను. చివరికి పడమటి పెద్ద పార్టీ మారి, తూర్పు పెద్ద ఉన్న పార్టీలోకే వచ్చినాడు. ఒకే పార్టీలో ఇద్దరూ ఉన్నాక తగాదా ఎట్లా? జమ్మలమడుగులో ఉండే ఒక పెద్దమనిషి మధ్యన కూర్చుని, ఒకరి నష్టానికి ఇంకొకరి నష్టం చెల్లు పెట్టి రాజీ చేసినాడు. రాజీ విందు ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపంలో పెట్టుకున్నారు. రెండు వీధుల ఆడవాళ్లూ బంగారం కొనుక్కునేది ఆ ఊర్లోనే కాబట్టి అక్కడైతే ఎవరికీ కొత్త ఉండదని.

విందుకు పొట్టేళ్లు నా మంద నుంచే తీసుకున్నారు. బేరం సరిగ్గానే చేసినారు, అందులో నాకు ఫిర్యాదు లేదు. పొట్టేళ్లను వ్యాన్లో ఎక్కించుకుని నేనే ప్రొద్దుటూరుకు పోయినాను. పనైనాక ఎవరో "తిని పోప్పా" అన్నారు. ఎవరు అన్నారో కూడా మొహం తిప్పి చూడలేదు. డ్రైవర్ల పంక్తిలో కూర్చుని తిన్నాను.

చేతులు కడుక్కునే కొళాయి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ వేరే ఊరి వాళ్లు, నన్నెరగరు.

"కాల్చిన ట్రాక్టరు సంగతి ఏం చేసినారు?"

"తూర్పోళ్ల ట్రాక్టరుకు పడమటోళ్ల చీనీ తోట చెల్లు. వాళ్లది వీళ్లు కాల్చినారు, వీళ్లది వాళ్లు నరికినారు, సరిపాయె."

నేను చేతులు తుడుచుకుంటా, "ఏ చీనీ తోట?" అన్నాను.

"అదేప్పా, వంక పక్కన. షెడ్డు మీద రెండు జెండాలు ఉన్నాయంట, నవ్వుకుంటాంటారు గదా."

"అది పడమటోళ్లది కాదు, నాది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసినాడు. "నీదేలే. నువ్వు పడమటి పక్కే గదా మరి?" అన్నాడు.

ఏ పక్కా కానందుకు నా తోట పోయింది. పోయిన తోటను చూపించి నన్ను ఒక పక్క చేసినారు. నన్ను అడగకుండా.

మరుసటి రోజే జమ్మలమడుగు పోయినాను. పెద్దమనిషి వసారాలో కూర్చుని ఉన్నాడు. నా వెనక వచ్చిన ఒకాయనకు కుర్చీ వేసినారు, టీ ఇచ్చినారు. నన్ను మెట్ల దగ్గరే నిలబెట్టి అడిగినాడు ఏం పని అని. చెప్పినాను.

ఆయన దాచలేదు. "నీ తోట ల్యాకుంటే లెక్క సరిపోల్యాప్పా," అన్నాడు. "తూర్పోళ్లకు ట్రాక్టరు పోయింది. పడమటోళ్ల పక్క దానికి సరిపోయే నష్టం ఏం ల్యా. అందరం తలలు పట్టుకుని కూచున్యాం. అప్పుడు ఎవురో నీ తోట గుర్తు చేసినారు. నువ్వు యా పక్కా కాదు. యా పక్క వేసినా అడిగేవాళ్లు ల్యారు."

"తూర్పోళ్లు నరికినామని ఒప్పుకున్నారా?"

"రాజీ కోసరం ఊ అన్నారు."

"నిజంగా నరికింది వాళ్లేనా?"

"అది ఇప్పుడెవురికి కావాలప్పా?"

చేసినారో లేదో తెలియని నరుకుడును ఒకరు ఒప్పుకున్నారు. తమది కాని నష్టాన్ని ఇంకొకరు తమదన్నారు. దాని మీద ఇద్దరూ చేతులు కలిపినారు.

"నా తోటను ఆ లెక్కలోనుంచి తియ్యండి," అన్నాను.

అప్పుడు ఆయన టీ గ్లాసు పక్కన పెట్టినాడు. "తీస్తే ట్రాక్టరు మిగుల్తాది. మిగిల్తే మళ్లీ మొదలైతాది. ఊర్లో ఇంగెవురైనా పోతే ఆ పాపం నీది. ఈ మాట ఇంగ యాడా అడగాకు," అన్నాడు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పినాను. "రెండు ఈదుల పిల్లోళ్లు ఆ కొసనుంచి ఈ కొసకు పరిగెత్తి ఆడుకుంటాండారు మామా. నేను ఈ ఊరికి వచ్చినాక అది చూడల్యా. దాన్ని చూసైనా ఊరుకో," అంది.

నేనూ చూస్తున్నాను. ఆ పిల్లలు ఆడుకోవాలనే నాకూ ఉంది. ఊరుకుంటానని ఆమెకు మాటిచ్చి అప్పటినుంచి ఊరుకున్నాను. ఊరుకుని ఏమైంది? పత్రికల్లో మా ఊరు మారిన ఊరని రాసినారు. ఇద్దరు పెద్దలూ ఒకే వేదిక మీద ఒకరికొకరు శాలువా కప్పుకున్నారు. త్యాగాలు చేసినామని మైకులో చెప్పుకున్నారు. ఏం త్యాగం చేసినారు? ఇచ్చింది నా తోట. నేను ఒక్క ప్రశ్న అడిగితే కూలిపోయే శాంతి అయితే, దాన్ని మోస్తున్నది ఆ ఇద్దరు కాదు, నోరు మూసుకున్న నేను. పోయినేడు నా భార్య పోయింది. ఆమెకిచ్చిన మాట ఆమెతోనే పోయింది.

అందుకని ఇప్పుడు బహిరంగంగా అడుగుతున్నాను. ఆ ఇద్దరు పెద్దల్లో ఎవరైనా సరే, వాళ్ల కొడుకుల్లో ఎవరైనా సరే, జమ్మలమడుగు పెద్దమనిషైనా సరే. నాకు పరిహారం వద్దు, శాలువా వద్దు, ఎవరి మీదా కేసు పెట్టను. మా ఇంటికి దారి కూడా చెప్పనక్కర లేదు, మీకు తెలుసు. వంక పక్కన తోటకు రండి. మొదళ్లు ఇంకా ఉన్నాయి, అంటుకు ఎంత కింద నరికినారో చూపిస్తాను. దాన్ని చూసి, నా ముందర నిలబడి చెప్పండి: నరికింది ఎవరు? నన్ను మీ పక్క వేసుకోమని మీకు చెప్పింది ఎవరు?