మా పెద్దమ్మ చెప్పిన నిజం

మొన్న కంటి ఆపరేషనుకని ఆసుపత్రిలో చేరితే, ఒక నర్సమ్మ నా మంచం దుప్పటి మూలలు బిగించి మడిచింది. మా పెద్దమ్మ గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అస్సాం వైపు మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. తర్వాత నంద్యాల ఆసుపత్రిలో పనిచేసింది. నేను టీచరు ట్రైనింగు చదువుతూ ఆమె దగ్గరే ఉండేదాన్ని. ఇంట్లోనూ దుప్పటి ఎంత బిగువుగా దోపేదంటే, లోపలికి కాళ్లు దూర్చడానికి కుస్తీ పట్టాల్సిందే. యుద్ధం సంగతి అడిగితే మాత్రం "అన్నం తిను" అనేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక ఒంటికాలి రైతును బండిలో ఆ ఆసుపత్రికి తెచ్చారు. మాజీ సిపాయి. తొడ దగ్గర మిగిలిన మొండికాలు చీముపట్టింది. పసర్లు కట్టుకుంటూ ఆలస్యం చేశాడు. పెద్దమ్మకు క్యారియరు తీసుకుపోయిన నేను అక్కడే ఉన్నాను. కట్టు విప్పుతూ ఆమె "ఓర్చుకోప్పా" అనగానే, అతను గొంతు గుర్తుపట్టాడు.

"నువ్వా సిస్టరమ్మా! ఆ పొద్దు పుండు కడుగుతామంటివి. లేసి సూస్తే కాలు ల్యాకపాయె."

పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. అస్సాంలో ఆ వార్డు మొత్తానికి తెలుగు వచ్చింది ఆమెకొక్కదానికే. కాలు తీసేస్తామని నిజం చెబితే ఒప్పుకోడని, ఒప్పుకోకపోతే చస్తాడని, డాక్టర్లు ఆమె చేత ఆ అబద్ధం చెప్పించారు.

"ఈ తూరన్నా నిజం చెప్పు. బతుకుతానా?"

డాక్టరమ్మ అప్పటికే పెదవి విరిచింది. ఎన్నడూ రోగి మంచం మీద కూర్చోని పెద్దమ్మ కూర్చుంది.

"బతకవు నాయనా. విషం ఒళ్లంతా ఎక్కింది."

"అట్లయితే మాయమ్మ కాడికి పంపియ్యి."

ఆమె సెలవు పెట్టి తానే వెంట పోయింది. అతన్ని వసారాలో పడుకోబెట్టారు. కిరస్తానీ ఆమె అని పెద్దమ్మకు వేరే గ్లాసు పెట్టారు. వాసనకు అయినవాళ్లే దగ్గరికి రావడం మానేశాక, పురుగులు ఏరి కట్టు కట్టింది ఆమె ఒక్కతే. ఆదివారం నేను బస్సులో వెళ్లేసరికి అతను పోయాడు. పెద్దమ్మ శవాన్ని కడుగుతోంది.

ముసలి తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "కాలు పోయిందని తెలిసినప్పుడు నా కొడుకు శానా ఏడ్సినాడామ్మా?"

"ల్యాదమ్మా. ధైర్యంగా ఉన్యాడు."

తిరుగు బస్సులో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి, కాలు పోయిందని తెలిసిన రోజు అతను గొంతు పోయేదాకా అమ్మా అని అరిచాడని చెప్పింది. యుద్ధం ముగిసిందని రేడియోలో ఒక్క పూటలో చెప్పేశారు. ఆ వసారా దాకా వచ్చి ముగియడానికి దానికి ఏళ్లు పట్టింది.