మా అమ్మ ఒప్పుకున్న మాటలు

నేను చేసే పని ఏమిటో మా వీధిలో ఎవరికీ అర్థం కాదు. అర్థం చేయించే ఓపిక నాకూ లేదు. మార్కాపురంలో, గిద్దలూరు రోడ్డుకు దగ్గరగా ఉన్న రెండు గదుల ఇంట్లో కూర్చుని, హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి తెలుగు మాటలు సరిచూసి పంపుతాను. కంప్యూటర్లో టైపు చేస్తుంటే తప్పు మాట కింద ఎర్రగీత పడుతుంది చూడండి, ఆ గీత ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో చెప్పే నిఘంటువు తయారీలో నాదొక మూల. పక్కింటి పెదనాయన ఒకసారి ఆరా తీసి, "మాటలు దిద్దే పనంటే పంతులు పనే గదా. మరి బడి యాడుంది?" అన్నాడు. రైళ్లో మరిచిపోయి వచ్చానని చెప్పాను.

బయటివాళ్లు అనుకున్నట్టు ఆ నిఘంటువులో మాటలన్నీ ఉండవు. తెలుగు మాటలన్నీ రాసిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఒక్క 'ఇల్లు' తీసుకోండి. ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి, ఇంటిదాకా, ఇళ్లల్లోకి. లెక్కపెట్టబోతే తెల్లవారుతుంది. అందుకని మూలమాట మాత్రం ఉంచి దాని పక్కన ఒక గుర్తు పెడతాం. ఆ గుర్తున్న మాటకు ఏ తోక తగిలించవచ్చో, ముందు ఏ అక్షరం చేర్చవచ్చో, ఏ రెండు మాటలు కలిపి ఒకటి చేయవచ్చో చెప్పే సూత్రాలు వేరే ఫైల్లో ఉంటాయి. సూత్రం ఇచ్చామా, యంత్రం మాటలు పుట్టిస్తూ పోతుంది. దానికి ఆగడం తెలియదు. 'న్యాయం' ముందు 'అ' చేరిస్తే 'అన్యాయం' వచ్చింది గదా అని అదే గుర్తు 'నమ్మకం'కూ ఇచ్చాను. 'అనమ్మకం' అని ఒకటి కని నా చేతిలో పెట్టింది. అన్ననూ తమ్ముణ్ణీ కలపమంటే 'అన్నతమ్ములు' అంది.

అందుకే పుట్టిన మాటలన్నీ ఒక మనిషికి చదివి వినిపించాలి. జనం అంటారా, అనరా అని అడిగి, ఉంచేవి ఉంచి మిగతావి తీసేయాలి. మా వైపు వచ్చినాడు, పోయినాడు అంటారు కాబట్టి ఈ వైపు మనిషినే అడగమని కంపెనీవాళ్ల షరతు. లేకపోతే మావాళ్లు తమ మాటలో ఏం రాసుకున్నా కింద ఎర్రగీతే.

నాకు దొరికిన మనిషి మా అమ్మ.

అమ్మ నాయనతో పాటు ఊళ్లో కూలిపనులు చేసి చేసి మోకాళ్లు అరగదీసుకుంది. నాయన చనిపోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. పొద్దున టీ తాగి వరండాలో మంచం మీద కూర్చునేది. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చదివేవాణ్ణి. మొదటి రోజే పేచీ వచ్చింది.

"ఏడ్చినాడు. అంటారా అమ్మా?"

"ఎవురు?"

"ఎవరో ఒకరు. మాట బాగుందా లేదా, అది చెప్పు చాలు."

"ఎవురేడ్చినాడో తెల్లకుండా ఎట్ల చెప్పేదిరా?"

ఎంత నచ్చజెప్పినా వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కాసేపు ఆలోచించి, "మీ నాయన పోయిన పొద్దు మీ మేనమామ దొనకొండలో రైలు దిగి, ఇల్లు చేరేదాకా ఏడ్చినాడు. ఆ, అంటారు. రాసుకో" అంది. అప్పటినుంచి అదే పద్ధతి. ఉత్త మాటను ఒప్పుకోదు. ప్రతి మాటలోనూ తనకు తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ఆ మనిషి అందులో ఇమిడితే మాట ఉన్నట్టు, ఇమడకపోతే లేనట్టు. 'అనమ్మకం'లో ఎవరినీ కూర్చోబెట్టలేకపోయింది. "ఇది ఎవురి మాటా కాదు, తీసెయ్" అంది. గంటలో అయ్యే పని పూట పట్టేది. మొదట్లో పళ్లు నూరుకున్నాను. పోను పోను నాకే అలవాటైంది. మా పల్లె మొత్తం, బతికినవాళ్లూ పోయినవాళ్లూ, రోజూ పొద్దున మా వరండాలోకి వచ్చి పోయేవాళ్లు.

ఒక్క తమ్ముడు మాత్రం రాలేదు.

తమ్ముడు బోర్లు వేసే లారీలో పనికి పోయేవాడు. మా మెట్ట చేలల్లో బోరు వేయించని రైతు లేడు. ఆ పని చేతికొచ్చిన మగపిల్లలను ఎక్కడెక్కడికో తీసుకుపోతారు. ఒక వేసవిలో మహారాష్ట్ర వైపు పోయిన లారీ తిరిగొచ్చింది, వాడు రాలేదు. దారిలో టీ తాగడానికి దిగాడని, మళ్లీ ఎక్కలేదని తోటివాళ్లు చెప్పారు. కొన్నాళ్లు వాడి ఫోను స్విచ్చాఫ్ వచ్చేది. ఆ తర్వాత ఆ నంబరుకు ఎవరో హిందీలో పలకడం మొదలుపెట్టారు. పోలీసులకు చెప్పాం, నేను పోయి వెతికి వచ్చాను. వాడు పోయాడని చెప్పినవాళ్లు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్లూ లేరు. ఇది జరిగి ఏళ్లు గడిచాయి.

వాడి భార్య, మా మరదలు, దోర్నాలలో శ్రీశైలం యాత్రికులు ఆగే ఒక హోటల్లో వంటపని చేసుకుంటుంది. పిల్లలు లేరు. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి మా ఇంటికి వచ్చి, సాయంత్రం దాకా అమ్మ దగ్గర ఉండి పోయేది. ఆ హోటలుకు యాత్రికులను టెంపోలో తెచ్చే పామూరు మనిషి ఒకాయన, భార్య పోయినవాడు, ఆమెను చేసుకుంటానని అడిగాడు. ఎండాకాలం పోయేలోపల ఏదో ఒకటి చెప్పమన్నాడట. ఆ సంగతి మరదలు నాతో అంది.

"నాకు ఇష్టమే బావా. కానీ అత్త తన నోటితో పొమ్మనాల. లేకుంటే ఇట్లనే ఉంటా."

చర్చి అయ్యగారిని అడిగితే, ముందు చిన్నవాడి పేర, చనిపోయినవాళ్లకు చేసే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకోండి, తల్లి ముందు వరసలో కూర్చోవాలి, ఆ తర్వాత పెళ్లి మాట చూద్దామన్నారు. అమ్మతో అన్నాను. "బతికినోడికి కూడిక పెడతారా ఎవురన్నా?" అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడిగినా పెట్టేలా లేదు.

ఒకవైపు ఆ పిల్ల బతుకు నాన్చుడులో పడి ఉంది. ఇంకోవైపు నా పని సాగుతోంది. సూత్రం ప్రకారం 'తమ్ముడు' వంతు వచ్చింది. తమ్ముడికి, తమ్ముడితో, తమ్ముడి దగ్గర, తమ్ముడా. తెర నిండా వరసగా నిలబడ్డాయి. ఒక్కదాని కిందా ఎర్రగీత లేదు. వాడికి ఇవ్వడానికి, వాడితో పోవడానికి, వాణ్ణి పిలవడానికి మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి, మనిషే లేడు. అమ్మకు చదివితే ఒక్కొక్కదానిలో ఎవరెవరి తమ్ముళ్లనో తెచ్చి కూర్చోబెట్టింది. 'అన్నదమ్ములు' అంటే, పొలం గట్టు తగాదాలో తలలు పగలగొట్టుకున్న పక్క ఊరి రెడ్ల పిల్లలను చెప్పింది. ఆమె కన్న అన్నదమ్ములం మేమిద్దరమే. మా పేర్లు ఎత్తలేదు.

నాకు ఒక పాడు అలవాటు పట్టుకుంది. అమ్మ వాక్యం మొదలుపెట్టగానే, ఈసారి వాడొస్తాడేమో అని ఊపిరి బిగబట్టేవాణ్ణి. తిన్నాడు అంటే వాడేనేమో, నవ్వినాడు అంటే వాడేనేమో. వేరే ఎవరి పేరో వినబడగానే ప్రాణం ఉసూరుమనేది. రాని మనిషే ఆ వరండాలో అందరికంటే ఎక్కువ చోటు తీసుకున్నాడు. మంచానికీ నా కుర్చీకీ మధ్య వాడు కూర్చుని వింటున్నట్టే ఉండేది. రోడ్డు మీద బోరు లారీ పోతే ఇద్దరం మాట ఆపి, అది దాటిపోయాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

పిలుపు మాటల దగ్గరికి వచ్చినప్పుడు 'అన్నా', 'అన్నో' అయ్యాక 'అన్నోవ్' అని చదివాను. తమ్ముడు పల్లెలో మా సందు మొదటినుంచే ఆ కేక వేసుకుంటూ వచ్చేవాడు. వీధిలో కోళ్లు కూడా బెదిరి పక్కకు తప్పుకునేవి.

"ఎవురూ అనరు" అంది అమ్మ.

"అంటారు గదమ్మా."

"ఎవురంటాన్నారు ఇప్పుడు? తీసెయ్."

ఆ పని మొత్తంలో అమ్మ ఆడిన అబద్ధం అదొక్కటే. నేను తీసేశాను. ఆ తర్వాత బాత్రూంలోకి పోయి, నీళ్లు వదిలి, కాసేపు ఏడ్చాను.

ఎండలు ముదురుతున్నాయి. పామూరు మనిషి రెండోసారి కబురు పెట్టాడని మరదలు చెప్పింది. ఇక నేనే తెలివి చూపిద్దామనుకున్నాను. కంపెనీవాళ్లు పంపిన మాటల ముందు నావి కొన్ని దూర్చాను. మనువు, మారుమనువు, పెళ్లికూతురు, తోడు. అమ్మ రెండిటికి ఎవరెవరి పెళ్లిళ్లో చెప్పింది. మూడోదానికి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఇవి కంపెనీవాళ్లు పంపినయ్యా, నువ్వు పంపినయ్యా?"

దొంగకు తేలు కుట్టినట్టు గమ్మున ల్యాప్‌టాప్ మూసి, పాలకని చెప్పి బయటికి పోయాను. అమ్మ ముందు నా తెలివి ఏపాటిదో నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

ఆ వచ్చిన ఆదివారం మరదలు చిక్కుడుకాయలు తెచ్చింది. వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఈనెలు తీస్తోంది. నేను పని వద్దనుకున్నాను గానీ, "మిగిలినయి చదువు, ఊరికే కూర్చుని ఏం చేస్తాం" అని అమ్మే అంది. ఈసారి నేను దూర్చినవేమీ లేవు. వచ్చిన వరసలోనే చదువుతున్నాను. కొడవలికి, కొడవలితో అయ్యాయి. ఆ కొడవలి పెద్దమ్మది, ఆమె వేలు తెగింది. తర్వాత 'కూతురు' వచ్చింది. కూతురికి అంటే పక్కింటి పెదనాయన కూతురిని చెప్పింది. కూతురితో అంటే చర్చి అయ్యగారి కూతురిని చెప్పింది. అమ్మకు ఆడపిల్లలు లేరు కాబట్టి అందరి కూతుళ్లనూ అరువు తెచ్చుకుంటోంది.

"కూతుర్ని" అన్నాను.

అమ్మ మంచం పట్టె మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రుద్దింది. మరదలి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"మా కూతుర్ని పామూరికి ఇస్తన్నాము" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. మాట సరిగ్గా ఇమిడిందని అలవాటు కొద్దీ మీట నొక్కాను. ఆ తర్వాత మరదలి వైపు చూశాను. చేతిలో చిక్కుడుకాయ సగం చీల్చి అలాగే పట్టుకుని ఉంది.

"రాసుకున్నావా?" అంది అమ్మ.

"రాసుకున్నానమ్మా."

"అయ్యగారికి చెప్పు. కూడికలు గీడికలు నా ఇంట్లో పెట్టను. పెండ్లి చేసి పంపిస్తా. కూతురికి పెండ్లి చెయ్యనీకి అడ్డమేందో ఆయన్నే చెప్పమను. ఒప్పుకోకుంటే నేనే పోయి మాట్లాడతా."

మరదలు లేచి వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. ఏడవడం లేదు. భయపడుతోంది. నేను ఇన్నాళ్లూ ఆమె అమ్మ మాట కోసమే ఎదురుచూస్తోందనుకున్నాను. మాట దొరికాక తెలిసింది, నా లాగే ఆమె కూడా రోజూ వాడి అడుగుల చప్పుడు వింటూనే ఉందని. గొంతు తగ్గించి, పక్కనెవరో వింటారన్నట్టు అడిగింది.

"ఆయనొస్తే, అత్తా?"

అమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"వస్తే నేను చెప్పుకుంటాలే తల్లీ. వాడు నా మీద కోపపడతాడు, నీ మీద పడడు."