ఇళ్లు మార్చిపెట్టిన మా మునిరత్నమ్మక్క

మా అక్క మునిరత్నమ్మ ఇక లేదు. బుధవారం పొద్దున, మహదేవపుర అవతలి రేకుల షెడ్డులో, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం విడిచింది. కబురు తెచ్చిన మనిషి వాకిట్లో నిలబడి చెప్పినప్పుడు నేను కాటన్‌పేటలో మా ఇంట్లో రాగిపిండి జల్లిస్తున్నాను. ‘ఏ మునిరత్నమ్మప్పా?’ అని అడిగానట. నాకున్నది ఒక్క మునిరత్నమ్మే. అయినా ఆ మాట లోపలికి దిగడానికి అంతసేపు పట్టింది.

ఆమె నాకు తోటికోడలు. మా బావగారు మిల్లులో పనిచేసేటప్పుడు సర్కారువాళ్లు కట్టించి ఇచ్చిన కోటర్సులో కింది ఇల్లు ఒకటి వాళ్లకు వచ్చింది. పిల్లలు కలగలేదు. బావగారు త్వరగా పోయారు. అప్పటినుంచి ఆ మూడంతస్తుల వరుసలన్నీ తన సంసారమే అనుకుని బతికింది. చదువు లేదు, నోరుంది. ఆ నోటికి జడవని మనిషి కోటర్సులో లేడు. నీళ్ల కొళాయి దగ్గర ఒకామె వరస తప్పి బిందె పెడితే, ‘ఏమ్మా, మీ మొగుడు నిన్ను కూడా ఇట్లే వరస తప్పి కట్టుకున్నాడా?’ అన్నది. ఆ అమ్మ నెల రోజులు కొళాయి మొహం చూడలేదు. అదే అమ్మ కాన్పుకు ఆస్పత్రిలో పడుకుంటే గంజి కాచి మోసుకుపోయిందీ మా అక్కే.

ఆమె ఔదార్యానికి గుర్తుగా ఒక ఆచారం చెప్పాలి. ఆ కోటర్సులో తప్ప మరెక్కడా దాన్ని నేను చూడలేదు. ఇళ్లు చీటీలు తీసి ఇచ్చినవి. పడుచువాళ్లకు కింది ఇల్లు, ముసలివాళ్లకు పై అంతస్తు వచ్చినా అడిగే దిక్కు లేదు. ఏండ్లు గడిచి మోకాళ్లు అరిగాక పైనున్నవాళ్లు మెట్లు దిగలేక ఏడ్చేవారు. అక్క మధ్యలో నిలబడి కింది కాపురాన్ని పైకి, పై కాపురాన్ని కిందికి మార్పించేది. కాగితం లేదు, ఆఫీసు లేదు. రెండు కుటుంబాలూ నడవాలో ఒకే పొయ్యి మీద పాలు పొంగించి, సగం సగం పంచుకుని, కొత్తింటికి పట్టుకుపోయేవారు. దాని పేరు పాలమార్పు. పాలు పొంగాక ఎవరూ మాట తప్పకూడదు. మా అక్క కూడా తన కింది ఇంటిని రెండో అంతస్తులోని రాజమ్మకు ఇచ్చి, తాను పైకి పోయింది. రాజమ్మ మొగుడు చిన్నప్పయ్యకు పక్షవాతం. ‘మెట్లెక్కే కాళ్లు నాకుండాయి, వానికి లేవు. ఇంకేం యోచన?’ అన్నది. అంతే.

తొంభైల చివర్లో ఒకనాడు ఆఫీసరు వచ్చాడు. గోడలు పెచ్చులూడుతున్నాయి, పునాదులు కుంగాయి, ఇవన్నీ పడగొట్టి యాభై ఏండ్లు నిలిచే కట్టడం కడతామన్నాడు. పెద్ద పటం పరిచాడు. పసుపు ఇళ్లకట, నీలం అంగళ్లకట. మా కోటర్సు ఇన్నాళ్లూ పసుపు. ఇకమీదట రోడ్డువైపు సగం నీలం. అక్కడ అంగళ్ల కట్టడం లేస్తుంది, వెనక మిగిలిన సగంలో అందరికీ ఎత్తైన ఇళ్లు. మా అక్క పటం మీదికి వంగి చూసి, ‘ఇన్నేండ్లూ మా గోడలకు సున్నం పూసే దిక్కు లేదు. కాగితానికి మాత్రం ఎంత బాగా రంగు పూసినారు సార్!’ అన్నది. అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. చీటీలో ఎవరి పేరుకు ఏ ఇల్లు వచ్చిందో ఆ ఇంట్లో వాళ్లే కాపురముండాలి, సర్వేలో అట్లా కనిపించినవాళ్లకే కొత్త ఇల్లు, లేనివాళ్లు ఇల్లు బాడిగకు ఇచ్చినట్టు లెక్క, వాళ్లకేమీ రాదు అని చెప్పి పటం చుట్టుకుని పోయాడు.

అప్పుడు తెలిసింది, పాలమార్పులన్నీ ఉరితాళ్లై కూర్చున్నాయని. నిన్నటిదాకా దండం పెట్టినవాళ్లు మా అక్క వాకిట్లోకి వచ్చి మన్ను చల్లారు. ‘నీ పాలు పాడుగాను, మా ఇల్లు ముంచితివి గదే’ అన్నారు. ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చి, ‘అరిచింది చాలు. సర్వే వచ్చేలోపల ఎవురి ఇంటికి వాళ్లు పోండి. మంచాలెత్తండి’ అన్నది. ఒక్క ఆదివారం కోటర్సంతా తలకిందులైంది. పై సామాను కిందికి, కింది సామాను పైకి. మెట్ల మీద పరుపులు, రుబ్బురోళ్లు, దేవుడి పటాలు. మంచం పట్టిన పుల్లయ్య తాతను కుర్చీకి పంచెతో కట్టి నలుగురు పైకి మోశారు. ‘ఒసే రత్నీ, నన్ను బతికుండగానే పాడె కట్టితివి గదే!’ అని ప్రతి మలుపులోనూ తిట్టాడు. ‘కట్టితే కట్టితిలే తాతా, నీ కొడుక్కి ఇల్లు వస్తాది, నోరు మూసుకో’ అని కింద నుంచి ఈమె. వానలు పడకముందే ఆ తాత అక్కడే పోయాడు. మా అక్కే చంపిందని ఆయన కొడుకు రాము ఊరంతా చెప్పాడు. ఇల్లు మాత్రం అతని పేరున ఖాయమైంది.

అందరినీ మార్చిన మనిషి తాను మారలేదు. ఆ ఆదివారం చిన్నప్పయ్యను ఆఖరుకని ఆపింది. తాత పోయాక అతన్ని మెట్లెక్కించడానికి ఆమెకు మనసు రాలేదు. ‘వాణ్ణి కదిలిస్తే పోతాడు. ఉండనీలే. నిజం చెప్తే సార్లకు అర్థం కాదా?’ అన్నది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు.

సర్వే రోజు నేను అక్కడే ఉన్నాను. ఆఫీసరు ముందు కింద రాజమ్మను అడిగాడు. రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ‘పైన ఇల్లు మాదే సార్. మా ఆయనకు బాగలేక కొన్నాళ్లకని దిగినాము. పైన ఒక మూల ఆమె బాడిగకుండాది’ అన్నది. ఆఫీసరు పైకి వచ్చి మా అక్కను అడిగాడు. ఆమె దాచలేదు. నడవాలో పాలు ఎట్లా పొంగించారో, సగం ఎట్లా పంచుకున్నారో, అది కోర్టు మాటకన్నా ఎట్లా గట్టిదో సంబరంగా చెప్పింది. ఇంకెవరి పేరూ ఎత్తలేదు, తన ఒక్కదాని సంగతే చెప్పింది. ఆఫీసరు కలం ఆపి, ‘పాలకు రసీదుందామ్మా?’ అన్నాడు.

నడవా నిండా జనం. వాళ్లలో ఎవరైనా ‘అవును సార్, ఇది మా పద్ధతే’ అంటే వాళ్ల ఇంటి గుట్టు కూడా బయటపడుతుంది. ఆఫీసరు వాళ్లవైపు తిరిగి, ‘ఏమప్పా, ఇట్లాంటిదేమన్నా ఉందా ఇక్కడ?’ అన్నాడు. ‘మాకు తెల్దు సార్, బాడిగే ఉంటాది’ అన్నాడు రాము. ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. జబ్బు మనిషి ఉన్నాడని రాజమ్మ పేరు నిలిచింది, తన ఇంట్లో కాపురం లేదని మా అక్క పేరు కొట్టేశారు. ఆ దినం నుంచి ఆమెకు ‘పాల రసీదమ్మ’ అని పేరు పెట్టారు.

పడగొట్టేటప్పుడు మిగతావాళ్లకు మహదేవపుర అవతల రేకుల షెడ్లు ఇచ్చారు. ఈమెకు అదీ రాలేదు. మా ఇంటికి రమ్మని కాళ్లు పట్టుకున్నాను. ‘నేను కాటన్‌పేటకొస్తే ఇల్లు దొరికిందిలే అనుకుంటారు. వీళ్ల మధ్యనే ఉంటే ఏదో ఒక దినం సార్ల కంటికి కనపడతాను’ అన్నది. మిగిలిపోయినవాళ్ల సంగతి తర్వాత చూస్తామని ఆఫీసులో ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకుని ఏండ్లు ఏండ్లు ఆ ఆఫీసు మెట్లెక్కింది. రాజమ్మ షెడ్డులోనే ఒక మూల చాప వేసుకున్నది. చిన్నప్పయ్యకు ఎత్తిపోయడం, కడగడం అంతా ఈమె చేతి మీదే. ‘సిగ్గులేదా అక్కా?’ అని అడిగాను. ‘రాజమ్మ అబద్ధం చెప్పిందంటివే. ఇప్పుడు చూడు, ఆమె ఇంట్లోనే ఉండాను గదా. నిజమాయె’ అని పకపకా నవ్వింది. ఆ నవ్వు వినలేక నేను లేచి వచ్చేశాను. చిన్నప్పయ్య పోయాక కూడా రాజమ్మ ఆమెను పొమ్మనలేదు. వంటకూ నీళ్లకూ మనిషి కావాలి గదా.

కొత్త కట్టడం లేచింది. కింది అంతస్తంతా బండ్లు నిలుపుకోవడానికే. కింది ఇల్లనేది ఇక ఎవరికీ లేదు. తాళాలు పంచారు. గురువారం అందరికీ ఒకే ముహూర్తాన గృహప్రవేశం పెట్టుకున్నారు. బుధవారం మా అక్క పోయింది.

ఆమె కాపురం చేసిన నేల మీద కాసేపు పడుకోబెట్టి, అక్కడినుంచే సాగనంపుదామని నేనూ మా ఆయనా వ్యానులో తీసుకుపోయాము. గేటుకు మామిడాకులు కడుతున్నారు. వ్యాను చూసి రాము పరుగున వచ్చి చేతులు జోడించాడు. ‘పెద్దమ్మ మాకు దేవత, పిన్నీ. ఆమె లేకుంటే నాకు ఈ ఇల్లేదీ? కానీ రేపు ప్రవేశం పెట్టుకున్నాము. శవం లోపలికొస్తే మైల గదా. వేరేగా అనుకోవద్దు’ అన్నాడు. నేను వెనకనున్న రాజమ్మ వైపు చూశాను. ఇన్నేండ్లు ఆమె చేతి కూడు తిన్న మనిషి. రాజమ్మ కళ్లు తుడుచుకుంటూనే అన్నది: ‘పెట్టేదానికి నాకేమీ అడ్డం లేదప్పా. ఆమెకు ఇక్కడ ఇల్లు లేదు గదా. ఎవురి వాకిలని పెడతారు?’

రోడ్డు పక్కన, అంగళ్ల ముందర, ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టాము. బేగ ముగించండమ్మా, గిరాకీలు వచ్చే వేళ అని కావలివాడు మెల్లగా చెప్పాడు. గేటు లోపల నుంచి పూలు విసిరినవాళ్లున్నారు. గేటు దాటి వచ్చినవాళ్లు లేరు.

నిన్న ఆ కట్టడం సంఘం వాళ్లు మా ఇంటికి వచ్చారు. రాము కూడా ఉన్నాడు. సంతాపసభ పెడతారట. లిఫ్టు పక్కన గోడకు తగిలించడానికి అక్క ఫోటో ఒకటి, పెద్దది, కావాలన్నారు. కాఫీ ఇచ్చాను. తాగారు. ఇల్లు రాని మనిషికి ఆ కట్టడంలో గోడ వస్తుందో లేదో ఆఫీసరునడిగి రమ్మని చెప్పి పంపించాను.

ఆమెలాంటి మనిషి ఆ కోటర్సుకు మళ్లీ దొరకదు. మాట ఇస్తే నిలబడతారని నమ్మి జనానికి ఇళ్లు మార్చిపెట్టే మనిషి ఎక్కడినుంచి వస్తుంది? అక్కా, నీ ఫోటో మా ఇంట్లోనే ఉంది. వాళ్లకివ్వలేదు. ఇవ్వను.