గుర్రం నెత్తురు మందు

డిగ్రీ చివరి ఏడు, పాండిచ్చేరి నుంచి మద్రాసు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒడిలో ఫ్లాస్కు పెట్టుకుంది.

"కాఫీనా అండీ?" అన్నాను.

"కాఫీ యాడిది పాపా. గుర్రం నెత్తురుతో చేసిన మందు, ఐసులో పెట్టినా. ఎదురింటాయన ఫ్రాన్సు నుంచి తెచ్చిచ్చినాడు."

మద్రాసు ఆస్పత్రిలో ఉన్న తమ్ముడికి ఆమె తన కిడ్నీ ఇచ్చిందట. అతని ఒళ్ళు దాన్ని తోసేస్తోందట. ఆ పోరును ఈ మందు ఆపితేనే కిడ్నీ నిలుస్తుందట.

"నా కిడ్నీ కొత్త కోడలు కదా, అత్తగారింట్లో ఒప్పుకోను టైం పడతాది," అని నవ్వింది.

బస్సు మలుపు తిరగగానే ఎండ ఆమె మీద పడింది. తలమీది కొంగు తీసి ఫ్లాస్కుకు కప్పింది. నీడవైపున్న నాకు, సీటు మారదామని నోరు తెరవడానికి తిండివనం ఊరొచ్చేదాకా పట్టింది.

అప్పట్నుంచి బస్సెక్కితే ఎండవైపే కూర్చుంటున్నాను.